కంట్లో పువ్వు

ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాక
న్యూకాజిల్ ఊళ్ళో, బోమాంట్ వీధిలో
చీకటి గదిలో గడ్డం ఆన్చి కూర్చుంటే
నజ్లీ హద్దాద్ అనే డాక్టరమ్మ
నా ఎడమకంటి వెనకగోడని తెరమీద వేసి చూపించింది.

నారింజరంగు ఆకాశం.
నరం వచ్చి కంటిని కలిసే చోటు
చిన్న చుక్కలా ఉండాలట,
నాకు చందమామంత ఉంది.
గరాటులా లోపలికి జారి,
అడుగున తెల్లటి దూదిపింజ,
అంచు చుట్టూ నెత్తురు తీగలు
బండిచక్రం ఆకుల్లా తిన్నగా, నలువైపులకీ.

పువ్వులా ఉంది కదూ అంది.
పేరూ పువ్వుదేనట, పొద్దున్నే విచ్చుకునే పువ్వు.
ఫోన్లో బొమ్మ చూపిస్తే నవ్వొచ్చింది.
తూటిపువ్వు!
మురుక్కాలవ గట్టున ఎవరూ నాటకుండా పూసేది,
ఏ దేవుడి పటానికీ ఎవరూ పెట్టనిది.

పుట్టుకతోనే ఉందట.
ఎవరి తప్పూ కాదని రెండుసార్లు చెప్పింది.
నేను ఒక్కసారీ అడగలేదు.

అడగాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.
టెన్నికాయిట్ రింగు ఎడమ నుంచే వచ్చి చెవికి తగిలినప్పుడల్లా
"చూపెక్కడ పెట్టుకున్నావే!" అన్న డ్రిల్లు మేడం.
గ్లాసు పక్కన నీళ్ళు పోస్తే
"కళ్ళు నెత్తికెక్కాయా" అన్న చిట్టెమ్మత్త.
అత్తా, నెత్తికి కాదు,
వెనక్కి వెళ్ళింది,
నువ్వు వెతకని పెరట్లోకి.

కంట్లో పువ్వేసింది అంటాం మనం,
నల్లగుడ్డు మీద తెల్లగా, ఎదుటివాళ్ళకి కనబడే పువ్వుని.
నాది అటు తిరిగి పూసింది.
అద్దానికి దొరకలేదు.
పెళ్ళిచూపులకీ దొరకలేదు,
అంతమంది అన్ని చూపులు చూసినా.

మందు లేదు. అద్దాలకి లొంగదు.
మెరుపులు కనిపించినా, తెర దించినట్టున్నా
ఆ క్షణాన పరుగెత్తుకు రమ్మంది.
కుడికన్నుకి కాపలాగా
పవరు లేని కళ్ళజోడు రాసిచ్చింది.
సూది మొన దగ్గర బతికేదాన్ని కదా,
మేఫీల్డులో ప్యాంటు అంచులు మడిచి కుట్టే కొట్టు నాది.
సూదిలో దారం ఎక్కించేది ఎప్పుడూ నా వేలే, కన్ను కాదు.
అదీ ఆ రోజే తెలిసింది.

ఇంటికొస్తే పక్కింటి డిలిస్
కంచె మీంచి కౌన్సిలు కాగితం అందించింది.
నీలంపూల తీగ కలుపుమొక్క, మీ వైపుదీ పీకెయ్యండి.
నిజమే, నిమ్మచెట్టు మెడకి చుట్టుకుని ఉంది.
దయ చూపిద్దామా అనిపించింది ఒక్క నిమిషం,
చుట్టం కదా.
కానీ నిమ్మచెట్టుకి ఊపిరాడటం లేదు.

పీకే ముందు కుడికన్ను చేత్తో మూసుకున్నా.
ఆకులు పోయాయి. కంచె పోయింది. డిలిస్ పోయింది,
గొంతు మాత్రం మిగిలింది, "ఏమైంది?" అంటూ.
అంచుల్లో ఏదో కదులుతోంది, గాలో తీగో.
ఎదురుగా మాత్రం
గీతలేవీ లేని నీలం,
నీళ్ళలో ఒక్క బొట్టు వేసిన సిరాలా.
పువ్వు పువ్వుని చూసుకుంది.
గుర్తుపట్టిందో లేదో నేను చెప్పలేను.

తర్వాత పీకాను, వేళ్ళతో సహా, సంచి నిండా.
సాయంత్రానికి సంచిలో పూలు
వంగపండు రంగుకి తిరిగి ముడుచుకుపోయాయి.
వాటి పని అంతే, ఒక పూట.

నాది విచ్చుకునే ఉంటుంది,
నిద్రలో కూడా, రెప్ప కింద, ఇంకా కింద.

పొద్దున తొమ్మిదికి స్కూలు స్కర్టులు పదకొండు ఇవ్వాలి.
ఎడమవైపు పెట్టిన కత్తెర
మళ్ళీ కనబడటం లేదు.